సైగలు నేర్పితే పాపకు మాట రాకుండా పోతుందా?

కొబ్బరి గుమస్తా (అంబాజీపేట) అడిగారు:

అందరికీ నమస్కారం. అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో పన్నెండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. కాయల లెక్క, లారీల లెక్క, బాకీల లెక్క అన్నీ రాత్రి ఎనిమిదికల్లా తేలుతాయి. ఇంట్లో ఒక లెక్క మాత్రం తేలడం లేదు.

మా పాపకు వచ్చే నెలకు రెండేళ్ళు నిండుతాయి. డౌన్ సిండ్రోమ్. పుట్టిన నాలుగో రోజున డాక్టరుగారు అనుమానం చెప్పారు. రక్తం తీసి క్రోమోజోముల పరీక్షకు పంపితే కొన్ని వారాలకు కాగితం వచ్చింది. అందరికీ 46 ఉండేవి పాపకు 47, ఇరవై ఒకటోది రెండు బదులు మూడు. లెక్కల మనిషిని కదా, ఒకటి ఎక్కువైతే నష్టమేమిటి అని ఆ రోజు పిచ్చిగా అనుకున్నాను. గుండెలో చిన్న రంధ్రం ఉండేది, దానంతట అదే పూడుకుపోయింది. ఆలస్యంగానైనా కూర్చుంది. ఇప్పుడు మంచం కోడు పట్టుకుని నిలబడుతుంది.

మాట మాత్రం ఒక్కటీ లేదు. ‘ఆ’, ‘ఊ’, ఎప్పుడైనా ‘బబబ’. మేము చెప్పేది మాత్రం అర్థమవుతుంది. ‘తాతగారి చెప్పులేవి?’ అంటే గుమ్మం వైపు చూస్తుంది. ‘లాల పోసుకుందామా?’ అంటే జుబ్బా లాక్కుంటుంది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా ఆవిడ ఫోనులో ఏవో వీడియోలు చూసి పాపకు చేతి సైగలు నేర్పడం మొదలుపెట్టింది. రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపి తట్టితే ‘ఇంకా’ అట. పిడికిలి మూసి తెరిస్తే ‘పాలు’ అట. మా అమ్మకు ఒళ్ళు మండిపోయింది. “మూగపిల్లలకు నేర్పేవి మన పిల్లకెందుకు? చేత్తో పని జరిగిపోతుంటే నోరెందుకు తెరుస్తుంది?” అంటుంది. ఆవిడ వైద్యం ఆవిడది. రోజూ పొద్దున్నే వసకొమ్ము సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలుకకు రాస్తుంది. మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే ఇలాంటి పిల్లలు తికమక పడతారు అంటాడు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడిని నేనొక్కడినే, అదీ లారీ రసీదుల మేరకు.

ఒక పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే, డాక్టరుగారు ఫైలులోంచి తల ఎత్తకుండానే “ఇలాంటి పిల్లలకు మాటలు కష్టం, ఎక్కువ ఆశ పెట్టుకోకండి” అన్నారు. అయిదు వందలు తీసుకున్నారు.

మొన్న మధ్యాహ్నం జరిగింది చెబుతాను. పాపకు పెరుగన్నం పెడుతున్నాను. గిన్నె ఖాళీ అయింది. దాన్ని వంచి నాకు చూపించింది. నా ముఖం చూసింది, మళ్ళీ గిన్నె చూసింది. నేను పట్టుదలకు పోయి “ఇంకా కావాలి అను, పెడతాను” అన్నాను. మూడుసార్లు అన్నాను. నాలుగోసారి ముఖం అటు తిప్పేసుకుంది. తరువాత పెట్టినా తినలేదు. అప్పటి నుంచి నా మనసు బాగాలేదు.

నా ప్రశ్న ఒక్కటే. సైగలు నేర్పితే మాట రావడం ఆగిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదావరి గట్టు రాశారు:

బాబూ, కంగారు పడకు. మా పెద్దన్నయ్యకు అయిదేళ్ళ దాకా మాట రాలేదు, తరువాత పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాడు. మీ అమ్మగారు చేస్తున్నది మంచి పనే, వస మానకండి. ఒకసారి నాలుక కింద నరం కూడా చూపించండి. కొంచెం కోస్తే మాట జారుతుంది.

లేసు అల్లే అమ్మ (నరసాపురం) రాశారు:

గుమస్తా అన్నయ్యా, మాది మీలాంటి ఇల్లే, జబ్బు పేరు వేరు. మా బాబుకు విలియమ్స్ సిండ్రోమ్. ఏడో క్రోమోజోములో చిన్న ముక్క లేదు, అంతే. మీ పాపకు ఒకటి ఎక్కువ, మా వాడికి ఒక ముక్క తక్కువ. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు.

రెండున్నరేళ్ళ దాకా వాడు నోరు విప్పలేదు. మీ పాపలాగా వేలు చూపించడం, గిన్నె వంచి అడగడం కూడా లేవు. ఊరికే మనుషుల ముఖాల్లోకి చూస్తూ నవ్వేవాడు. వచ్చిన చుట్టాలందరూ “ఎంత కలుపుగోలు పిల్లాడో” అనేవారు, నాకు ఏడుపొచ్చేది. తరువాత మాటలు వచ్చాయి. వచ్చాయంటే మామూలుగా కాదు. ఇప్పుడు పాలవాడు, పోస్టుమాన్, లేసు తీసుకెళ్ళే షావుకారు, ఎవరు వచ్చినా అరగంట ఆపుతాడు. మా వీధిలో వాడి పేరు వసపిట్ట. నేను వస ముట్టించలేదు సుమండీ! అయినా అందరూ వస పోశావా అనే అడుగుతారు.

ఇంత మాట్లాడతాడు కదా, ‘బల్ల కింద ఉన్న పెట్టె తే’ అంటే బల్ల మీద వెతుకుతాడు. చొక్కా బొత్తాలు ఇప్పటికీ నేనే పెట్టాలి. మాట వచ్చింది కదా ఇక అన్నీ వచ్చినట్టే అని మేము మోసపోయాం, బడిలోనూ మోసపోయారు. విలియమ్స్ పిల్లల్లో మాటలు వచ్చాకే వేలు చూపించడం వస్తుందని, డౌన్ పిల్లల్లో అర్థం ముందు నడిచి మాట వెనకబడుతుందని మాకు చాలా ఆలస్యంగా చెప్పారు. కాబట్టి పక్కింటి పిల్లతో సరే, నా బిడ్డతో కూడా మీ పాపను పోల్చకండి.

సైగల సంగతి నాకు తెలియదు. గిన్నె సంగతి చదివి మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి.

మాటల టీచరు (సొంత ఊరు రాజోలు) రాశారు:

నేను వాక్చికిత్స చేసే మనిషిని. పదిహేడేళ్ళుగా ఇదే పని. ముందు మీ ప్రశ్నకు జవాబు: ఆగిపోదు. సైగలు, మాటలు కలిపి నేర్చుకున్న డౌన్ పిల్లలకు మాట రావడం తగ్గినట్టు పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. పైగా సైగలతో కలిపి లెక్కేస్తే వాళ్ళ పదాల సంపద పెరుగుతుంది. నోటి మాట కుదురుకుంటున్న కొద్దీ సైగ దానంతట అదే రాలిపోతుంది. చెప్పి తీరాల్సిన షరతు ఒకటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా మీ నోరూ కదలాలి. ‘ఇంకా’ అని పలుకుతూనే ‘ఇంకా’ చూపించాలి. మౌనంగా సైగ చేస్తే పాపకు ఆ మాట వినే అవకాశం పోతుంది.

అసలు మీ అమ్మగారిని ఒక మాట అడగండి. పాపకు ‘జేజకు దణ్ణం పెట్టు’ అని చేతులు జోడించడం నేర్పింది ఎవరు? ‘టాటా చెప్పు’ అని చెయ్యి ఊపించింది ఎవరు? ‘అయిపోయింది’ అంటూ రెండు అరచేతులూ తిప్పి చూపించింది ఎవరు? ఆవిడ ఏడాదిన్నరగా సైగలే నేర్పుతున్నారు. మీ ఆవిడ ఆ వరుసలో ఇంకో నాలుగు చేర్చింది, అంతే.

ఇక ఆ గిన్నె. పాప గిన్నె వంచింది, మీ ముఖం చూసింది, మళ్ళీ గిన్నె చూసింది. ఒక వస్తువు గురించి ఇంకో మనిషితో సంగతి పంచుకోవడం అంటే అదే. భాషకు పునాది అది. పాప అడిగింది, మీరు వినలేదు. కోప్పడకండి, నా బిడ్డతో నేనూ అదే తప్పు చేశాను. ఈసారి గిన్నె వంచగానే ‘ఇంకా! ఇంకా బువ్వ’ అని సైగతో కలిపి అని, వెంటనే పెట్టండి. ‘అను, అను’ అన్న మాట ఇంట్లో నిషేధించండి. మన ఇళ్ళలో చుట్టాలు రాగానే ‘అత్త అను, మామ అను’ అని పిల్లలను బోనెక్కిస్తాం. ఇప్పుడే మాట కూడబలుక్కుంటున్న పిల్లకు అది పరీక్ష, సంభాషణ కాదు.

రెండో భాష గురించి. 2005లో కెనడా పరిశోధకులు రెండు భాషలు వింటూ పెరుగుతున్న డౌన్ పిల్లలను, ఒకటే భాష వింటున్న డౌన్ పిల్లలను పోల్చి చూశారు. రెండు భాషల పిల్లల ఇంగ్లీషు రెండోవాళ్ళ ఇంగ్లీషుకు ఏమీ తీసిపోలేదు. కాబట్టి తికమక అన్నది అపోహ. కానీ మీకు రాని భాషలో పాపతో మాట్లాడితే మీరు పేదగా మాట్లాడతారు, పాప పేదగా వింటుంది. పైగా తొలి మాటలకు తెలుగు ఎంత వీలైన భాషో చూడండి. బువ్వ, లాల, జేజ, తాత, పాప, బూచి! చాలావరకు పెదవులతోనో నాలుక ముందుభాగంతోనో పలికేవి, ఒకే చప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చేవి, అన్నీ అచ్చుతో ముగిసేవి. ఇంగ్లీషులో ‘కప్’, ‘డాగ్’ అని చివర హల్లు బిగించాలి, అది కష్టం. మన పనిమాటలైతే ఒక్క గుక్కలో అయిపోతాయి: రా, పో, తే, దా. మీ బావమరిదిగారికి ఇది చదివి వినిపించండి.

ఇప్పుడు అసలు అడగాల్సింది. పాపకు వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించారు? థైరాయిడ్ ఎప్పుడు చూశారు? డౌన్ పిల్లల్లో నలుగురిలో ముగ్గురి దాకా ఏదో ఒక స్థాయి వినికిడి లోపం ఉండవచ్చు. చెవి గొట్టాలు సన్నగా ఉండి, కర్ణభేరి వెనక జిగట నీరు చేరి ఉండిపోతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. చెరువులో మునిగి గట్టు మీది మాట విన్నట్టు వినిపిస్తుంది.

గోదావరి గట్టు గారూ, మీరు పెద్దవారు, అయినా చెప్పక తప్పదు. డౌన్ పిల్లల నాలుక బయటకు రావడానికి కారణం కండరాల బిగువు తక్కువ కావడం, నోరు లోపల ఇరుకుగా ఉండడం. నరం కోస్తే ఆ రెండూ మారవు. వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది కేన్సరు కలిగించిందని అమెరికా 1968లోనే వసను తిండి పదార్థాల్లో నిషేధించింది. మీ అన్నయ్యగారు ప్రెసిడెంటు కావడానికి వేరే కారణాలు ఉండి ఉంటాయి.

కొబ్బరి గుమస్తా రాశారు:

మేడమ్, మీ జవాబు నాలుగుసార్లు చదివాను. దణ్ణం సంగతి మా అమ్మకు చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత “దేవుడికి పెట్టే దణ్ణం, అన్నానికి చేసే సైగ ఒకటేనా?” అంది. కానీ లేచి వెళ్ళి వసకొమ్ము అటక మీద పెట్టేసింది. చెత్తలో వెయ్యలేదు, గమనించగలరు.

పుట్టినప్పుడు చెవులు చూశారు, బాగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు. మళ్ళీ చూపించాలని ఎవరూ చెప్పలేదు. థైరాయిడ్ ఏడాది వయసులో చూశారు. ఇప్పుడు వినికిడికి ఎక్కడికి వెళ్ళాలి? కొబ్బరి దింపుల రోజులు, కొట్టులో సెలవు దొరకడం కష్టం. ఒక్క రోజులో అయ్యే చోటు చెప్పండి.

మాటల టీచరు రాశారు:

పుట్టినప్పటి కాగితం అప్పటి చెవులకే. నీరు తరువాత చేరుతుంది. రెండు చెవులూ విడివిడిగా బాగా వింటున్నాయని తేలేదాకా ఆరు నెలలకోసారి చూడాలి. థైరాయిడ్ ఏడాదికోసారి, అంటే ఇప్పుడు మీకు బాకీ పడింది. కళ్ళు కూడా. ఒక్క రోజు పెట్టుకుని వెళ్ళండి. చెవి నరం పనిచేస్తోందో లేదో చూసే బెరా పరీక్షకు పాప నిద్రపోవాలి, కాబట్టి పొద్దున్నే లేపి ప్రయాణంలో నిద్రపోనివ్వకండి. ఆ ఒక్కటీ మీ ఆవిడకు గట్టిగా చెప్పండి.

భవిత టీచరు రాశారు:

నేను మండలంలో భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చెబుతాను. గుమస్తా గారూ, ముందు మీ ఊరి అంగన్‌వాడీ టీచరునో ఏఎన్‌ఎమ్‌నో పట్టుకోండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకు వర్తిస్తుంది, దాని జాబితాలో డౌన్ సిండ్రోమ్ పేరుతో సహా ఉంది. వాళ్ళు రాసిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ చెవి, కన్ను, మాట, నడక అన్నీ ఒకే చోట చూడాలి. చూడాలి అని ఎందుకన్నానంటే, ఒక్కోసారి మాటల చికిత్స చేసే పోస్టు ఖాళీగా ఉంటుంది. వెళ్ళే ముందు ఫోను చేయండి.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు మీ ఊరి సచివాలయంలో స్లాటు అడగండి. చిన్నపిల్లలకు తాత్కాలికంగా ఇచ్చి, పెద్దయ్యాక మళ్ళీ చూస్తారు. దాని మీద కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా అడగవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా. సికింద్రాబాదు మనోవికాస నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది, 1984 నాటిది. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. తల్లిదండ్రులకే పని నేర్పి పంపుతారు, మళ్ళీ మళ్ళీ తిరగక్కరలేదు.

ఇంకొకటి. డౌన్ పిల్లలకు విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. ఇంగ్లండులో ఒక తండ్రి మూడేళ్ళ వయసు నుంచే తన కూతురికి అట్టముక్కల మీద మాటలు రాసి చదవడం నేర్పాడు. 1980 ప్రాంతంలో ఆ సంగతి స్యూ బక్లీ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. ఆవిడ పరిశోధన ఆ ఉత్తరంతోనే మొదలైంది. పెళ్ళి శుభలేఖల అట్టలు మీ ఇంట్లో ఉంటాయి కదా, వెనక వైపు ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకోండి. మూడో ఏట పనికొస్తాయి. గుమస్తా గారి చేతిరాత బాగానే ఉంటుందని నమ్మకం.

కొబ్బరి గుమస్తా రాశారు (అయిదు వారాల తరువాత):

లెక్క అప్పజెబుతున్నాను.

పాపను కాకినాడ తీసుకెళ్ళాం. దారిలో నిద్రపోనివ్వకుండా మా ఆవిడ యానాం వంతెన నుంచి పాడుతూనే ఉంది, బస్సులో సగం మంది మమ్మల్నే చూశారు. చెవిలోకి చిన్న గొట్టం పెట్టి గాలి ఒత్తిడితో ఒక గీత తీశారు. ఆ గీత కొండలా లేచి దిగాలట. పాపకు రెండు చెవుల్లోనూ వరిచేనులా చదునుగా వచ్చింది. మేడమ్ చెప్పిన నీరే. బెరాలో లోపలి నరం బాగుందని తేలింది. మూడు నెలలు చూసి, నీరు తగ్గకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టాలు అమరుస్తామన్నారు. థైరాయిడ్ కొంచెం తేడాగా ఉంది, మాత్ర మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ ‘మొండిపిల్ల, పిలిస్తే పలకదు’ అని నేను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆ డాక్టరుగారు ముఖం చూసి మాట్లాడమన్నారు, మూడడుగుల లోపల నుంచి, టీవీ ఆపేసి. మా నాన్నగారు సాయంత్రం వార్తలు త్యాగం చేశారు. ఇది చిన్న విషయం కాదు.

సైగలు నాలుగు వచ్చాయి: ఇంకా, పాలు, అయిపోయింది, పిల్లి. పిల్లి సైగ ఎవరూ నేర్పలేదు, బుగ్గ మీద వేళ్ళు గీసుకుంటుంది, మీసాలు కాబోలు.

ఇప్పుడు మేడమ్‌ను ఒక సందేహం అడగాలి. మా అమ్మ పొద్దున్నే బియ్యం సోలతో కొలిచి గిన్నెలో పోస్తుంది. ఆవిడ ఎప్పుడూ ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు. పాప పక్కనే కూర్చుని బియ్యంలో చేతులు పెడుతుంది. ఆవిడ ఈ మధ్య మొదటి సోల ఎత్తి పట్టుకుని ‘లా...’ అని ఆగి, పాప ముఖం చూస్తోంది. మనసులో పది లెక్కపెడుతుందట. పెదవులు కదలడం నాకు కనబడుతుంది. నాలుగు రోజులు పాప ఊరికే చూసింది. అయిదో రోజు ‘బా’ అంది. ఆ రోజు నుంచి వరసగా ఆరు రోజులు, సోల ఎత్తగానే ‘బా’. ఒకసారి అమ్మ కావాలని సోల ఎత్తకుండా కూర్చుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని లాగి మరీ ‘బా’ అంది.

మా ఆవిడ ఇది మాటే అంటుంది. మా అమ్మ ఊరంతా చెప్పేసింది. నాకు అనుమానం. దీన్ని మాటగా జమ కట్టవచ్చా?

మాటల టీచరు రాశారు:

పలుకుబడి సరిగా ఉండక్కరలేదు. ఒకే సందర్భంలో, ఒకే చప్పుడు, కావాలని అంటే అది మాటే. చెయ్యి లాగి అడిగింది చూడండి, అది గట్టి సాక్ష్యం. కానీ ఒకటి చెప్పండి, ఆ ‘బా’ ఇంకెక్కడైనా అంటోందా?

కొబ్బరి గుమస్తా రాశారు:

పిల్లిని చూసి కూడా అంటోంది మేడమ్. నిన్న కొబ్బరి లారీని చూసి కూడా అంది.

మాటల టీచరు రాశారు:

అయితే పెన్సిలుతో రాసి ఉంచండి. ఇంకో రెండు వారాలు చూద్దాం. మీ అమ్మగారిని సోల మాత్రం మార్చవద్దని చెప్పండి.